కదలని కారు ఎందుకు చెడుతుంది?

పెద్దల నుంచి వచ్చిన పాత ఫియట్‌ను ఇప్పటికీ అపురూపంగా దాచుకున్న కుటుంబాలు మన ఊళ్లలో ఉన్నాయి. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలుపెట్టి, 1974 నుంచి ప్రీమియర్ పద్మిని పేరుతో తయారుచేసిన బండి అది. 1089 సీసీ ఇంజను, స్టీరింగు కిందే గేరు కడ్డీ. పేరు మారినా జనం నోట అది ఫియట్‌గానే ఉండిపోయింది.

ఇలాంటి బండిని చాలామంది ప్రేమకొద్దీ షెడ్డులో పెట్టి, కవరు కప్పి, ముట్టుకోకుండా ఉంచుతారు. కొన్నేళ్ల తర్వాత సెల్ఫ్ కొడితే ఇంజను పలకదు, బ్రేకు పట్టేసి ఉంటుంది. వాడకపోతే అరగదు కదా అని మనం అనుకుంటాం. కానీ లోహానికీ రబ్బరుకూ పెట్రోలుకూ అరుగుదల ఒక్కటే శత్రువు కాదు. నిలిచి ఉన్న బండిలో కూడా రసాయన చర్యలు సాగుతూనే ఉంటాయి.

తుప్పు ఎక్కడ మొదలవుతుంది?

ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిసిన చోట ఒక చిన్న విద్యుత్ ఘటం ఏర్పడుతుంది. ఒక చోట ఇనుము ఎలక్ట్రాన్లు వదిలి కరుగుతుంది. మరో చోట ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. గాలి తక్కువగా అందే చోటే ఇనుము కరుగుతుంది. అందుకే పైకి కనిపించే బానెట్ మెరుస్తూ ఉండగానే, మట్టి ఇరుక్కున్న తలుపుల అడుగు, రేకుల మడతలు, ఫ్లోరు లోలోపలే తుప్పు పట్టిపోతాయి. తుప్పు తానెక్కిన ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. దాంతో పెయింటు ఉబ్బి, పొలుసులుగా లేచి, కింది లోహానికి మళ్లీ గాలీ తడీ తగులుతాయి. విశాఖ, కాకినాడ వంటి తీర ప్రాంతాల్లో గాలిలోని ఉప్పు తడిని మంచి విద్యుత్ వాహకంగా మార్చి ఈ పనిని ఇంకా వేగంగా నడిపిస్తుంది.

తుప్పు మీద పుట్టీ పెట్టి రంగు కొట్టడం వల్ల లాభం లేదు. పుట్టీ కింద తడి చిక్కుకుని పని చేసుకుపోతూనే ఉంటుంది. మెరిసే లోహం కనబడేదాకా గీకి, మిగిలిన మచ్చలకు ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తే అవి గట్టి ఐరన్ ఫాస్ఫేట్ పొరగా మారతాయి. చిల్లులు పడ్డ చోట కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. తలుపుల అడుగున నీరు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా చూడాలి. ప్లాస్టిక్ కవరు ఆవిరిని లోపలే బంధిస్తుంది కాబట్టి గాలి ఆడే గుడ్డ కవరు వాడాలి.

ట్యాంకులో ఏం జరుగుతుంది?

నిలవ పెట్రోలులో త్వరగా ఆవిరయ్యే భాగం పోతుంది, మిగిలినదాంట్లో కొంత ఆక్సిజన్‌తో కలిసి బంకగా మారుతుంది. కార్బురేటర్ జెట్‌లోని సన్నటి రంధ్రాన్ని మూసేది ఆ బంకే. దాన్ని తీగతో పొడవకూడదు. మెత్తటి ఇత్తడి అరిగి రంధ్రం పెద్దదవుతుంది. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టాలి.

ఇప్పుడు మనం పోయించుకునే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే ఆ రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరి, అక్కడి ఇనుమును తింటాయి. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది కూడా. మరో చిక్కు మిశ్రమంలో ఉంది. కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. కొత్త కారులో సెన్సార్ దీన్ని కనిపెట్టి ఇంధనం పెంచుతుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. గాలి ఎక్కువైపోయి ఇంజను తడబడుతుంది. గొట్టాలను ఇథనాల్‌ను తట్టుకునే ఫ్లోరోఎలాస్టమర్ రకానికి మార్చి, అవసరమైతే మెయిన్ జెట్‌ను ఒక సైజు పెంచాలి. నెలల తరబడి నడపలేమని తెలిస్తే ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేయడమే మంచిది.

ఐదు నిమిషాల స్టార్టింగు

వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలకే ఆపేయడం మేలని చాలామంది నమ్మకం. అది ఇంజనుకు కీడే చేస్తుంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఇంజను బాగా వేడెక్కితే అది ఆవిరై పొగగొట్టం గుండా పోతుంది. చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్‌లోనూ, కొంత ఇంజను ఆయిల్‌లోనూ మిగిలి, అక్కడి ఆమ్లాలతో కలిసి బేరింగులను తింటుంది. స్టార్ట్ చేస్తే అరగంటైనా రోడ్డు మీద నడపాలి. అప్పుడే ఆయిల్ ఆరుతుంది, బ్యాటరీ నిండుతుంది, బ్రేకులు కదులుతాయి, డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లకు పట్టిన పొర పోతుంది. బ్యాటరీ ఛార్జి లేకుండా ఉండిపోతే పలకల మీద లెడ్ సల్ఫేట్ స్ఫటికాలు గట్టిపడి, మళ్లీ కరగవు.

బ్రేకుల విషయంలో ఉదాసీనత పనికిరాదు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ చేరాక ప్రమాణం ప్రకారం ఉండాల్సిన హద్దే 140కి దిగిపోతుంది. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుట్టి పెడల్ నేలకు దిగిపోతుంది. రెండేళ్లకోసారి ఆయిల్, దాంతోపాటు గట్టిపడ్డ వీల్ సిలిండర్ రబ్బర్లు మార్చాలి.

ఏది మార్చాలి, ఏది ఉంచాలి?

ప్రాణానికి సంబంధించినవి, అంటే బ్రేకులు, గొట్టాలు, టైర్లు, వైరింగు, మొహమాటం లేకుండా కొత్తవి వేయాలి. సీటు, డాష్‌బోర్డు, చక్రం మూతలు, నిలిచి ఉన్న పాత రంగు వీలైనంత వరకు అలాగే ఉంచాలి. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. పద్మిని పేరుతో వచ్చిన తొలి బళ్లకు ఆ వయసు వచ్చేసింది. అయితే వింటేజ్‌గా నమోదైన బండిని రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. ఆర్‌సీ ఇంకా గతించిన పెద్దల పేరునే ఉంటే ఫారం 31తో వారసుల పేరుకు మార్చుకోవాలి.

ఏ భాగం ఎప్పుడు మార్చారో, ఏ సైజు జెట్ వేశారో ఒక పుస్తకంలో రాసి బండిలోనే ఉంచండి. నెలకు రెండుసార్లైనా ఊరి బయటదాకా నడపండి. చోక్ ఎప్పుడు లాగాలో, పాయింట్ల సందు ఎలా సరిచూడాలో ఇంట్లో పిల్లల చేత చేయించండి. ఈ పని తెలిసిన మెకానిక్‌లు తగ్గిపోతున్నారు కాబట్టి, రాబోయే ఇరవై ఏళ్లు బండిని నడిపించాల్సింది ఆ పిల్లలే.