ఉపచ్ఛాయా చంద్రగ్రహణం

చంద్రుడు భూమి యొక్క ప్రచ్ఛాయను తాకకుండా, దాని చుట్టూ ఉండే ఉపచ్ఛాయ గుండా మాత్రమే ప్రయాణించినపుడు ఏర్పడే గ్రహణాన్ని ఉపచ్ఛాయా చంద్రగ్రహణం అంటారు. ఇందులో చంద్రబింబం నల్లబడదు. వెన్నెల కొద్దిగా మందగిస్తుంది. చంద్రగ్రహణాలలో నూటికి సుమారు 36 ఈ రకానివే. ఇవి కంటికి స్పష్టంగా కనిపించకపోయినా, సారోస్ చక్రంలోని ప్రతి గ్రహణ పరంపరా ఇటువంటి గ్రహణంతోనే మొదలై ఇటువంటి గ్రహణంతోనే ముగుస్తుంది.

ఏర్పడే విధానం

సూర్యుడు ఒక బిందువు కాక పెద్ద బింబం కావడం వలన భూమి వెనుక రెండు రకాల నీడలు ఏర్పడతాయి. సూర్యకాంతి నేరుగా ఏ మాత్రం చేరని ప్రాంతం ప్రచ్ఛాయ. సూర్యబింబంలో కొంత భాగమే మరుగుపడే ప్రాంతం ఉపచ్ఛాయ. చంద్రుడుండే దూరం (సగటున 3,84,400 కి.మీ.) వద్ద ప్రచ్ఛాయ వ్యాసం సుమారు 9,000 కి.మీ. దాని చుట్టూ ఉన్న ఉపచ్ఛాయ వలయం వెడల్పు సుమారు 3,500 కి.మీ. చంద్రుని వ్యాసం 3,474 కి.మీ. ఈ రెండు కొలతలు ఇంచుమించు సమానం కనుక, చంద్రుడు ప్రచ్ఛాయను తాకకుండా పూర్తిగా ఉపచ్ఛాయలో ఇమిడిపోవడం అరుదు.

కనిపించే తీరు

చంద్రుని వ్యాసంలో సుమారు మూడింట రెండు వంతులు ఉపచ్ఛాయలో మునిగితే తప్ప మార్పు కంటికి తెలియదు. 2023 మే 5 గ్రహణంలో ఈ భాగం 96 శాతం. భారత కాలమానం ప్రకారం ఆ గ్రహణం రాత్రి 8:44కు మొదలై, 10:53కు గరిష్ఠ స్థాయికి చేరి, అర్ధరాత్రి దాటాక 1:01కి ముగిసింది. శ్రీ సత్యసాయి జిల్లాలోని మండల కేంద్రమైన రొళ్లలో చంద్రోదయం అంతకు ముందే కావడంతో, అక్కడ గ్రహణ కాలమంతా చంద్రుడు ఆకాశంలోనే ఉన్నాడు. ప్రచ్ఛాయకు దగ్గరగా వచ్చిన ఉత్తరపు అంచున మాత్రమే మసక ఏర్పడింది.

సారోస్ చక్రం

223 చాంద్రమాసాలకు, అనగా 6,585.32 రోజులకు (సుమారు 18 సంవత్సరాల 11 రోజుల 8 గంటలకు), సూర్యుడు, చంద్రుడు, రాహుకేతు బిందువులు దాదాపు మునుపటి స్థితికి వస్తాయి. ఈ కాలాన్ని బాబిలోనియా ఖగోళజ్ఞులు ఎరుగుదురు. దీనికి సారోస్ అనే పేరును వాడుకలోకి తెచ్చినవాడు ఎడ్మండ్ హేలీ. పైన చెప్పిన గ్రహణం 141వ సారోస్ పరంపరకు చెందినది. అందులోని కొన్ని గ్రహణాలు:

• 1987 ఏప్రిల్ 14: ఉపచ్ఛాయా గ్రహణం, 78 శాతం
• 2005 ఏప్రిల్ 24: ఉపచ్ఛాయా గ్రహణం, 87 శాతం
• 2023 మే 5: ఉపచ్ఛాయా గ్రహణం, 96 శాతం
• 2041 మే 16: పాక్షిక గ్రహణం

ప్రతి ఆవృత్తిలోనూ చంద్రుని మార్గం కొద్దిగా జరుగుతుంది. ఈ పరంపరలో అది ప్రచ్ఛాయ వైపు జరుగుతున్నది. 1608లో మొదలైన ఈ పరంపరలో తొలి సంపూర్ణ గ్రహణం 2167లో ఏర్పడుతుంది. 2888లో జరిగే 72వ గ్రహణంతో పరంపర ముగుస్తుంది.

అదనంగా మిగిలే 8 గంటలలో భూమి మూడో వంతు తిరుగుతుంది. అందుచేత 2005 నాటి గ్రహణం భారతదేశంలో పగటివేళ జరిగి కనిపించలేదు. 2023లో అది రాత్రి వచ్చింది. 2041లో గరిష్ఠ స్థాయి తెల్లవారే వేళకు వస్తుంది. మూడు ఆవృత్తుల తరువాత, అనగా సుమారు 54 సంవత్సరాల ఒక నెలకు, గ్రహణం తిరిగి దాదాపు అదే ప్రాంతానికి వస్తుంది. ఆ విధంగా 2077 జూన్ 6న ఈ పరంపరలోని గ్రహణం మరల భారతదేశంలో రాత్రివేళ జరుగుతుంది.

పంచాంగం, ఉపచ్ఛాయా గ్రహణం

సూర్యసిద్ధాంతం వంటి గ్రంథాలు చంద్రుడు భూచ్ఛాయను, అనగా ప్రచ్ఛాయను, తాకడాన్నే గ్రహణంగా గణిస్తాయి. స్పర్శ, మోక్ష కాలాలు ఆ నీడకు సంబంధించినవే. కనుక ఉపచ్ఛాయా గ్రహణానికి సాధారణంగా పట్టు, విడుపు స్నానాలు పాటించరు. 2020లో జనవరి 10, జూన్ 5, జూలై 5, నవంబర్ 30 తేదీలలో ఏర్పడిన నాలుగు చంద్రగ్రహణాలూ ఈ రకానివే. గ్రహణం ఉందని ఖగోళ శాస్త్రజ్ఞులు, లేదని పంచాంగకర్తలు చెప్పినపుడు ఒకరి లెక్క తప్పని భావించనవసరం లేదు. భేదం గణితంలో కాక నిర్వచనంలో ఉన్నది.

ఇవి కూడా చూడండి

• చంద్రగ్రహణం
• సూర్యగ్రహణం
• పౌర్ణమి