కొత్త కాపురం... తొలి పద్దు!

ఉగాది రోజు కొత్త పంచాంగం చేతికి రాగానే అందరి కళ్లూ ముందు వెతికేవి ఆదాయం, వ్యయం అంకెలే. పెళ్లికి ముందు ఎవరి రాశి వాళ్లది, ఎవరి జీతం వాళ్లది. మూడు ముళ్లూ పడ్డాక రెండు రాశులు, రెండు జీతాలు, రెండు రకాల ఖర్చు అలవాట్లు ఒకే గడప దాటి లోపలికొస్తాయి. ఆ గడప అద్దెదైతే ఒకటో తారీఖున ఇంటి ఓనరు కూడా లెక్కలోకి వస్తాడు!

పెళ్లికి ఎంత ఖర్చయిందో పైసలతో సహా చెప్పగలిగే ఇళ్లలో కూడా, ఆ పిల్లలిద్దరూ కాపురం పెట్టడానికి ఎంతవుతుందో లెక్క వేసినవాళ్లు తక్కువ. 'ఇద్దరూ సంపాదిస్తున్నారుగా, వాళ్లే చూసుకుంటారు' అనేస్తారు పెద్దవాళ్లు. వాళ్లేమో చూసుకోవడం మొదలుపెట్టేది అకౌంట్లో డబ్బు అయిపోయాకే. చాలా జంటల్లో తొలి అలక చీర గురించో సినిమా గురించో కాదు, నెలాఖరు గురించి! ఆ పరిస్థితి రాకుండా ఉండాలంటే ఇల్లు వెతకడానికి ముందే ఇద్దరూ ఓ తెల్ల కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోవాలి.

పాలు పొంగకముందే...

హైదరాబాద్‌లో ఓ జంట 15 వేల రూపాయల అద్దెకు డబుల్ బెడ్రూమ్ పోర్షన్ చూసుకున్నారనుకుందాం. '15 వేలేగా' అనిపిస్తుంది. కానీ అసలు లెక్క ఇలా ఉంటుంది. రెండు నెలల అడ్వాన్సు 30 వేలు. మొదటి నెల అద్దె 15 వేలు. బ్రోకరు ద్వారా దొరికితే అతనికి ఒక నెల అద్దె, అంటే ఇంకో 15 వేలు. తాళంచెవి చేతికొచ్చేసరికే 60 వేలు అయిపోయాయి.

ఇక గ్యాస్. 2022 జూన్‌లో పెంచిన లెక్క ప్రకారం 14.2 కిలోల సిలిండరుకు డిపాజిట్ 2,200, రెగ్యులేటరుకు 250 రూపాయలు. సామాను తెచ్చే ట్రాలీ ఆటోకి, కూలీలకి 4 వేలు వేసుకుందాం. పొయ్యి, నిండు సిలిండరు, కుక్కరు, పరుపు, బకెట్లు, చీపురు, తొలి నెల పచారీ సామాన్లు కలిపి పొదుపుగా చూసుకున్నా 25 వేలు అనుకుందాం. మొత్తం 91,450 రూపాయలు. 15 వేల ఇల్లు, గడప దాటేసరికి ఆరు నెలల అద్దె మింగేసింది!

అయితే ఇందులో అడ్వాన్సు, గ్యాస్ డిపాజిట్ కలిపి 32,450 రూపాయలు తిరిగొచ్చే సొమ్ము. ఇది ఖర్చు కాదు, ఒకరి దగ్గర దాచిన డబ్బు. కాబట్టి దానికి రసీదు ఉండాలి. అడ్వాన్సు చేతికివ్వకుండా ఓనరు అకౌంటుకే పంపితే అదే సాక్ష్యం. గ్యాస్ డిపాజిట్ కాగితాన్ని పెళ్లి ఫొటోల ఆల్బమ్ అంత భద్రంగా దాచుకోవాలి. కనెక్షన్ వెంటనే రాకపోతే 5 కిలోల చిన్న సిలిండరు గుర్తింపు కార్డు చూపించినా ఇస్తారు. ధర కాస్త ఎక్కువైనా మొదటి రోజుల్లో హోటల్ భోజనం ఖర్చు తప్పుతుంది.

అడ్వాన్సు రెండు నెలలకు మించి అడిగితే బేరమాడటానికి ఓ ఆధారం ఉంది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదంటోంది. అది నమూనా మాత్రమే. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. అయినా మర్యాదగా మాట వరసకు చెప్పి చూడటంలో తప్పు లేదు.

ఆషాఢం, పుష్యం లాంటి శూన్యమాసాల్లో ఇల్లు మారేవాళ్లు తక్కువ. ఖాళీగా ఉన్న పోర్షన్‌కి బేరం కుదిరే సమయం అదే. ఇల్లు అప్పుడు మాట్లాడుకుని, శ్రావణంలో మంచిరోజు చూసుకుని పాలు పొంగిస్తామంటే ఒప్పుకునే ఓనర్లు ఉంటారు.

దూరపు ఇల్లు నునుపా?

'ఇంకాస్త లోపలికెళితే 11 వేలకే దొరుకుతుంది' అంటారు ఎవరో ఒకరు. నెలకు 4 వేలు మిగులు! కానీ తొందరపడొద్దు. ఆ ఇల్లు ఆఫీసుకు మరో 15 కిలోమీటర్ల దూరం అనుకుందాం. బైకు మీద వెళ్లే భర్తకు రానూ పోనూ రోజుకు 30 కిలోమీటర్లు అదనం. నెలకు 24 పనిదినాలకు 720 కిలోమీటర్లు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండికి 16 లీటర్ల పెట్రోలు. లీటరు 107 రూపాయల లెక్కన 1,712 రూపాయలు.

భార్య బస్సులో వెళుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంతో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. కానీ ఇంటి నుంచి బస్టాపు దాకా షేర్ ఆటో ఎవరిస్తారు? ఒకసారికి 40 రూపాయలైతే రోజుకు 80, నెలకు 1,920. రెండూ కలిపితే 3,632. మిగిలింది ముచ్చటగా 368 రూపాయలు! దానికి బదులుగా పోయేది ఇద్దరి సాయంత్రాలు. కొత్త కాపురంలో వాటికి ఏ రేటు కడతాం?

అందుకే అద్దెను ఒంటరిగా చూడకూడదు. అద్దె, మెయింటెనెన్సు, ప్రయాణం... ఈ మూడూ కలిపితే వచ్చేదే ఇంటి అసలు ఖరీదు.

అడ్వాన్సు ఇచ్చేముందు అడగండి

*కరెంటు మీటరు విడిగా ఉందా, సబ్‌మీటరా? సబ్‌మీటరైతే యూనిట్‌కి ఎంత తీసుకుంటారు? పాత బకాయిలు ఏమైనా ఉన్నాయా? తెలంగాణలో నెలకు 200 యూనిట్లు దాటితే ఆ పై యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ల రేటు కూడా మారిపోతుంది. ఒకే మీటరు మీద రెండు పోర్షన్లుంటే ఆ గీత దాటడం ఎంతసేపు!

*నీళ్లు ఎక్కడివి? వేసవిలో బోరు ఎండితే ట్యాంకరు ఖర్చు ఎవరిది? మెయింటెనెన్సు ఎంతని అడిగితే సరిపోదు. ఏప్రిల్, మే నెలల్లో ఎంత కట్టారో పక్క ఫ్లాటువాళ్లను అడగాలి.

*ఫ్యాన్లు, గీజరు, ట్యూబులైట్లు ఉన్నాయా, మనమే పెట్టుకోవాలా?

*ఖాళీ చేసేటప్పుడు రంగుల కోసం అడ్వాన్సులో ఎంత పట్టుకుంటారు? మిగతాది ఎన్ని రోజుల్లో ఇస్తారు? ఎన్ని నెలల ముందు చెప్పాలి? ఏడాదికి అద్దె ఎంత పెరుగుతుంది? వీటికి నోటిమాట చాలదు, అగ్రిమెంటులో రాయించుకోవాలి.

*దిగిన రోజే గోడల మరకలు, కుళాయిల లీకులు, విరిగిన గొళ్లాలు ఫోన్‌తో ఫొటోలు తీసి ఓనరుకు పంపాలి. రేపు అడ్వాన్సు వెనక్కి అడిగేటప్పుడు ఆ ఫొటోలే మీ తరఫున మాట్లాడతాయి.

*ఇల్లు చూపించకుండానే 'టోకెన్ పంపండి, లేకపోతే వేరేవాళ్లకి పోతుంది' అంటే ఆ బేరం వదిలేయండి. 'డబ్బు మీకే వస్తుంది, స్కాన్ చేసి పిన్ కొట్టండి' అన్నా అంతే. మన అకౌంటుకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

సారెలో ఏమొస్తుంది?

మన ఇళ్లలో కొత్త కాపురానికి అమ్మాయి పుట్టింటివాళ్లు సారె పెట్టడం ఆనవాయితీ. మంచం, బీరువా, ఇత్తడి బిందెలు, స్టీలు సామాను... ముచ్చట మంచిదే. చిక్కల్లా ఎక్కడంటే, మూడో అంతస్తు ఇరుకు మెట్లెక్కని పెద్ద మంచం కిందే ఉండిపోతుంది. వంటింట్లో రెండు అరలుంటే ఇరవై నాలుగు గ్లాసుల సెట్లు మూడు వస్తాయి. కావాల్సిన కుక్కరు మాత్రం రాదు!

ఇల్లు కుదిరాక గదుల కొలతలు తీసుకుని, ఏది కావాలో ఏది వద్దో అమ్మాయే తన అమ్మానాన్నలకు నోరు తెరిచి చెప్పడం మేలు. 'డైనింగ్ టేబులు వద్దు నాన్నా, ఇంట్లో పట్టదు. ఆ డబ్బు మీ దగ్గరే ఉంచండి' అనే కూతురి మాట ఏ తండ్రికైనా ఊరటే. పెళ్లి అప్పు ఇంకా తీరని ఇంటిమీద ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ భారం కూడా వేయడం న్యాయం కాదు. అత్తింటివాళ్లు జాబితా రాసి అడిగితే అది సారె కాదు, కట్నం. 1961 నాటి చట్టం ప్రకారం అడగడమే నేరం.

కొనాల్సినవాటిని మూడు వరసలుగా రాసుకుంటే తేలిక. పాలు పొంగే రోజుకు కావాల్సినవి మొదటి వరస: పొయ్యి, కుక్కరు, నాలుగు గిన్నెలు, పరుపు, బకెట్లు, కర్టెన్లు. మూడు నెలల్లో కొనేవి రెండో వరస: ఫ్రిజ్, బీరువా. ఏడాది ఆగగలిగేవి మూడో వరస: సోఫా, పెద్ద టీవీ, ఏసీ. హైదరాబాద్‌లో ఉంటే స్టీలు సామానుకు బేగంబజార్ ఉండనే ఉంది. కూరగాయలకు 1999లో మొదలైన రైతుబజార్లు ఉన్నాయి. వారానికోసారి సంచి పట్టుకుని ఇద్దరూ వెళితే షికారూ అవుతుంది, ఆదా కూడా!

అన్నీ వాయిదాల మీద ఒకేసారి తెచ్చేసుకోవాలనిపిస్తుంది. ఫ్రిజ్‌కి 1,500, వాషింగ్ మెషీన్‌కి 1,400, టీవీకి 1,300... విడివిడిగా చూస్తే చిన్నవే. కలిపితే నెలకు 4,200!

రెండు జీతాలు... ఒక పద్దు

భర్తకు చేతికొచ్చేది 38 వేలు, భార్యకు 27 వేలు అనుకుందాం. మొత్తం 65 వేలు. నెల పద్దు ఇలా వేసుకోవచ్చు.

అద్దె, మెయింటెనెన్సు: 16,500
పచారీ, పాలు, కూరగాయలు: 10,000
కరెంటు, గ్యాస్, ఫోన్లు, ఇంటర్నెట్: 3,500
రాకపోకలు: 6,000
బైకు వాయిదా: 4,000
ఇద్దరి అమ్మానాన్నలకు: 8,000
ఇద్దరి సొంత ఖర్చులు, మూడేసి వేల చొప్పున: 6,000
పండగలు, పెళ్లిళ్లు, మందులు: 4,000
పొదుపు: 7,000

లెక్క సరిగ్గా 65 వేలకు సరిపోయింది. అద్దె, మెయింటెనెన్సు కలిపి ఆదాయంలో నాలుగో వంతు. అది మూడో వంతు దాటితే ముందుగా కోత పడేది పొదుపుకే. పైన చెప్పిన 4,200 వాయిదాలు నెత్తికెత్తుకుంటే పొదుపులో మిగిలేది 2,800. ఆ స్థితిలో ఒకరి ఉద్యోగం రెండు నెలలు ఆగితే? అందుకే పొదుపు మొదటి లక్ష్యం బంగారమో స్థలమో కాదు. మూడు నెలల అద్దె, తిండి ఖర్చు పక్కన పడేవరకూ దానిమీద చెయ్యి వేయకూడదు.

ఆఫీసులో 'ఇంటద్దె మినహాయింపు తీసుకో' అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను పడదు కాబట్టి, మన లెక్కలోని జంటకు ఆ హైరానా లేదు.

సగం సగమేనా?

ఇంటి ఖర్చులు చెరిసగం అనుకోవడం వినడానికి బాగుంటుంది. అద్దె, సరుకులు, బిల్లులు కలిపి 30 వేలు. చెరో 15 వేలు వేసుకుంటే భర్త దగ్గర 23 వేలు మిగులుతాయి. భార్య దగ్గర 12 వేలే. ఇది సమానమే కానీ సమంజసం కాదు. జీతాల నిష్పత్తిలో పంచుకుంటే ఆయన వాటా సుమారు 17,500, ఆమె వాటా 12,500. అప్పుడు ఆయనకు 20,500, ఆమెకు 14,500 మిగులుతాయి. ఒకరే సంపాదిస్తుంటే? ఇంట్లో ఉన్నవారి సొంత ఖర్చుకు ప్రతినెలా కొంత మొత్తం, లెక్క అడగకుండా, వాళ్ల అకౌంటుకు వెళ్లాలి. పది రూపాయల రిబ్బనుకు కూడా చేయి చాపాల్సి వస్తే ఆ కాపురంలో చనువు పెరగదు.

చెప్పుకోవాల్సిన మాటలు

పద్దులో అన్నిటికంటే కష్టమైన వరస 'ఇద్దరి అమ్మానాన్నలకు' అన్నదే. కొడుకు ఇంటికి డబ్బు పంపితే బాధ్యత. కూతురు పంపితే మాత్రం 'ఇంకా పుట్టింటికేనా?' అనే ప్రశ్న. చదివించింది ఇద్దరినీ, అప్పు చేసింది రెండు ఇళ్లవాళ్లూ. ఎంత పంపాలన్నది రెండు ఇళ్ల అవసరాన్ని బట్టి తేల్చుకోవాలి. ఎవరి ఇల్లన్నదాన్ని బట్టి కాదు.

రెండోది, పాత అప్పులు. చదువు కోసం చేసిన లోన్, క్రెడిట్ కార్డు బాకీ, చెల్లి పెళ్లికి తెచ్చిన చేబదులు, స్నేహితుడికి పెట్టిన హామీ సంతకం... వీటిని 'తర్వాత చెబుదాంలే' అని దాచినవాళ్లకు ఆ తర్వాత ఎప్పుడూ మంచి సమయంలో రాదు. బ్యాంకు ఫోన్ కాల్ ద్వారానే తెలుస్తుంది. అప్పు తీరుతుంది. దాచారన్న బాధ మాత్రం అంత త్వరగా తీరదు.

కాబట్టి నెలలో ఓ ఆదివారం, టిఫిన్ అయ్యాక అరగంట లెక్కలకు కేటాయించండి. ఆ అరగంటలో ఎవరూ ఎవర్నీ 'ఎందుకు ఖర్చు పెట్టావ్' అని నిలదీయకూడదు. 'వచ్చే నెల ఎలా చేద్దాం' అన్న మాటే రావాలి. మొదటి మూడు నెలలూ పద్దు తప్పుతుంది, కంగారుపడొద్దు. నాలుగో నెలకు దారిలో పడుతుంది.

అద్దె ఇల్లు ఏదో ఒకరోజు ఖాళీ చేసేదే. అక్కడ నేర్చుకున్న లెక్క మాత్రం సొంతింటికి కూడా వెంటవస్తుంది. కాగితం, పెన్ను తీయండి మరి!