ఊపిరి లెక్కకు భాష అడ్డు కాదు

పసిబిడ్డల నిమోనియాలో ముప్పును పట్టించేది గడియారమే

'బిడ్డకు నెమ్ము చేసిందండీ.. పక్కలెగరేస్తున్నాడు' అంటారు మనవాళ్లు. బరంపురంలోనో, బళ్లారిలోనో, హోసూరులోనో డ్యూటీ డాక్టరుకు తెలుగు రాకపోతే ఆ మాట అర్థం కాదు. అదే 'నిమిషానికి 56' అని కాగితం మీద రాసి చూపిస్తే చాలు, సగం సంగతి తెలిసిపోతుంది. ఆ అంకె పట్టుకోవడం ఏ తల్లికైనా చేతనయ్యే పనే.

లెక్క ఇలా..
బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా నిమ్మళంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. 2 నెలల లోపు పిల్లలకు 60, 2 నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40.. ఆ అంకెను చేరినా, దాటినా ఊపిరి వేగం పెరిగినట్లే.

మూడు మెట్లు
2 నెలలు దాటిన పిల్లలకు దగ్గు, జలుబు ఉన్నా ఊపిరి మామూలుగా ఉంటే అది నిమోనియా కాదు. యాంటీబయాటిక్ అక్కర్లేదు. పాలు, ఆహారం మానకుండా కనిపెట్టుకుని ఉండాలి.

వేగం పెరిగినా, ఊపిరి పీల్చినప్పుడు రొమ్ము కింది భాగం లోపలికి పోతున్నా నిమోనియాగా చూస్తారు. ఒకప్పుడు రొమ్ము లోపలికి పోతే ఆసుపత్రిలో చేర్చుకునేవారు. ప్రమాద లక్షణాలు లేకపోతే ఇంటి వద్దే నోటి ద్వారా అమాక్సిసిలిన్ ఇవ్వవచ్చని 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మోతాదు బరువును బట్టి డాక్టరు చెప్పాల్సిందే. నెమ్మదించింది కదా అని మధ్యలో ఆపకూడదు. రెండు మూడు రోజుల్లో మళ్లీ చూపించాలి.

పాలు తాగలేకపోవడం, తాగినదంతా కక్కేయడం, ఫిట్స్, లేపినా లేవనంత మగత, నిమ్మళంగా ఉన్నా ఊపిరిలో గురగుర.. వీటిలో ఒక్కటి కనిపించినా అది తీవ్ర నిమోనియా. వేలికి పెట్టే ఆక్సీమీటరులో ఆక్సిజన్ 90 శాతం కన్నా తగ్గినా అంతే. ఇంజెక్షన్లు, ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లాలి. 2 నెలల లోపు పసికందుకు ఊపిరి వేగం పెరిగితే మెట్లు చూడొద్దు, వెంటనే బయల్దేరాలి.

వాతలొద్దు.. టీకా వేయించండి
పొట్ట మీద వాతలు పెడితే నెమ్ము తగ్గదు, కాలిన పుండు మిగులుతుంది. న్యూమోకోకల్ టీకాను 2021 నుంచి దేశమంతటా ఉచితంగా వేస్తున్నారు. 6 వారాలు, 14 వారాలు, 9 నెలలప్పుడు మూడు డోసులు పడాలి. ఏ రాష్ట్రంలో ఉన్నా కార్డు ఒక్కటే అడుగుతారు, భాష కాదు.