కోర్టు అడిగింది, కొట్టెయ్యలేదు

నీట్ పీజీ దరఖాస్తులు మొదలయ్యేసరికి ఒక పాత వార్త కొత్త బట్టలు తొడుక్కుని ఫోన్లలోకి దిగుతుంది. ‘పీజీ మెడికల్‌లో ఈడబ్ల్యూఎస్ చెల్లదన్న సుప్రీంకోర్టు, 8 లక్షల పరిమితి రద్దు!’ ఈడబ్ల్యూఎస్ అంటే ఆర్థికంగా బలహీన వర్గాల కోటా, 8 లక్షలంటే దానికి కుటుంబ ఏడాది ఆదాయ పరిమితి. ఆ వార్తకు తేదీ ఉండదు, కేసు పేరు ఉండదు. చివర్లో ‘పదిమందికీ పంపండి’ అని మాత్రం ఉంటుంది. పదిమందీ పంపుతారు.

మా వీధిలో ఒకాయన ప్రైవేటు బళ్లో లెక్కలు చెబుతారు. వాళ్లమ్మాయి హౌస్ సర్జన్సీ ముగించి పీజీకి దరఖాస్తు పెట్టింది, జనరల్ కిందే. కోర్టులో ఎగిరిపోయిన కోటాకు తాసిల్దారు ఆఫీసు చుట్టూ తిరగడమెందుకని తండ్రీకూతుళ్లిద్దరూ తేల్చేసుకున్నారు. ర్యాంకు వచ్చింది. ఆ ర్యాంకుకు ఈడబ్ల్యూఎస్‌లో జనరల్ మెడిసిన్ సీటు దక్కేది, ఓపెన్‌లో అందలేదు. సవరణల గడువు ఎప్పుడో దాటింది. ‘కోర్టులో పోయిందన్నారు కదండీ’ అన్నారాయన. ఎవరన్నారంటే గ్రూపులో అన్నారట. లెక్కల్లో ఒక్క మెట్టు దాటేస్తే మార్కులు కోసే మనిషి, ఇక్కడ జవాబు ఒక్కటే చూసి సంతకం పెట్టేశారు.

అందుకే ఈ ఒక్క పుకారును కాస్త నిదానంగా విప్పాలి.

పీజీ మెడికల్ ఈడబ్ల్యూఎస్ మీద కోర్టుల్లో నడిచిన గొడవ ఒకటి కాదు, మూడు. మూడింటినీ ఒకే గిన్నెలో కలిపి పులియబెడితే వచ్చిందే ఈ పుకారు.

మొదటిది మహారాష్ట్రది. ఈ కోటాకు దారి వేసిన 103వ రాజ్యాంగ సవరణ 2019 జనవరిలో వచ్చింది. ఆ రాష్ట్రం అదే ఏడాది పీజీ మెడికల్ సీట్లకు పది శాతం కోటా పెట్టబోయింది. అప్పటికే ప్రవేశాల ప్రక్రియ మొదలై నెలలైంది, అదనపు సీట్లూ రాలేదు. 2019 మే నెలాఖరులో సుప్రీంకోర్టు ఆ ఏడాదికి కుదరదంది. అంటే ‘కోర్టు ఆపింది’ అన్న మాటలో ఒక గింజంత నిజముంది. కానీ ఆపింది ఒక రాష్ట్రంలో, ఒక్క ఏడాదికి. కారణం కోటా తప్పని కాదు, ఆట మధ్యలో నియమం మార్చారని.

రెండోది అసలు రచ్చ. 2021 జులై 29న కేంద్రం అఖిల భారత కోటాలో ఓబీసీలకు 27 శాతం, ఈడబ్ల్యూఎస్‌కు 10 శాతం ప్రకటించింది. ప్రభుత్వ కాలేజీల పీజీ సీట్లలో సగం ఆ కోటావే. ఏటా సుమారు వెయ్యిమంది ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు పీజీలో మేలు జరుగుతుందని అప్పుడు చెప్పారు. కొందరు వైద్యులు సుప్రీంకోర్టుకెళ్లారు. నీల్ ఆరేలియో న్యూన్స్ కేసంటే ఇదే. అక్టోబరులో జస్టిస్ డి.వై. చంద్రచూడ్ ధర్మాసనం కేంద్రాన్ని గట్టిగానే నిలదీసింది. ఈ 8 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఏ అధ్యయనం చేశారు? పల్లెకూ పట్నానికీ ఒకే కొలతా? మంచి ప్రశ్నలు. మరునాడు అవే తీర్పులై ఫోన్లలో తిరిగాయి. జడ్జి ప్రశ్న వేసిందే తీర్పైతే, వైవాలో ఎగ్జామినర్ ప్రశ్న వేసినప్పుడే మీరు ఫెయిలైనట్టు లెక్క!

తర్వాతి కథ ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు. నవంబరు నెలాఖరులో కేంద్రం అజయ్ భూషణ్ పాండే, వి.కె. మల్హోత్రా, సంజీవ్ సన్యాల్‌లతో కమిటీ వేసింది. ఈలోగా కౌన్సెలింగ్ ఆగింది. జూనియర్లు రాక, ఉన్నవాళ్లు రాత్రీపగలూ డ్యూటీలు చెయ్యలేక, డిసెంబరులో ఢిల్లీ రెసిడెంట్ డాక్టర్లు రోడ్డెక్కారు. ఏడాది చివర కమిటీ నివేదిక వచ్చింది: 8 లక్షల పరిమితీ, ఐదెకరాల పొలం ఉంటే అనర్హులన్న నిబంధనా ఉంచండి, ఇంటి కొలతల నిబంధనలు తీసెయ్యండి, మార్పులు వచ్చే ఏడాది నుంచి చెయ్యండి. 2022 జనవరి 7న కోర్టు ఓబీసీ కోటాను సమర్థించి, ఆ ఏడాదికి ఉన్న ఈడబ్ల్యూఎస్ కొలతలతోనే కౌన్సెలింగ్ నడపమంది. 8 లక్షలు సబబా కాదా అన్న విచారణను వెనక్కి పెట్టింది. అది సమర్థించడమూ కాదు, కొట్టెయ్యడమూ కాదు. మన గ్రూపులకు ఈ మధ్యస్థం రుచించదు.

మూడోది ఆ 103వ రాజ్యాంగ సవరణ మీదే కేసు. 2022 నవంబరు 7న అయిదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు సవరణ చెల్లుతుందన్నారు. జస్టిస్ రవీంద్ర భట్, ప్రధాన న్యాయమూర్తి యు.యు. లలిత్ చెల్లదన్నారు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీల్లోని పేదలను బయట పెట్టడమే వివక్ష అన్నారు. ఆ ఇద్దరి మాటనే తీర్పుగా పంచుకునేవాళ్లు నేటికీ ఉన్నారు. భిన్నాభిప్రాయానికి విలువ ఉంది. సీటు మాత్రం మెజారిటీ తీర్పు ప్రకారమే ఇస్తారు.

కోటా ఉండొచ్చా అన్నది ఒక ప్రశ్న, దానికి జవాబు వచ్చింది. ఎవరు పేద అన్నది వేరే ప్రశ్న. రెండో దాని మీద ఎంత వాదించుకున్నా మొదటిది కూలదు.

దీనికి తోకగా ఇంకొకటి: ‘ఓబీసీ క్రీమీలేయర్‌కూ ఎనిమిదే, మాకూ ఎనిమిదే, తేడా ఏముంది?’ అంకె ఒకటే, తూకం వేరు. క్రీమీలేయర్ లెక్కలో జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు, మూడేళ్లు చూస్తారు. ఈడబ్ల్యూఎస్‌లో జీతం, పొలం, వ్యాపారం, అన్నీ కలిపి ముందటి ఒక్క ఆర్థిక సంవత్సరం చూస్తారు. ‘పొలం డబ్బు లెక్కలోకి రాదు’ అన్న ధీమాతో దరఖాస్తు పెట్టేవాళ్లు ఇక్కడే బోర్లా పడతారు.

మిగతావి చిల్లర.

‘ఈడబ్ల్యూఎస్‌కు అర్హత కటాఫ్ తక్కువ.’ కాదు, జనరల్‌కూ వీళ్లకూ ఒకే పర్సంటైల్.

‘బీసీ పేదలు కూడా పెట్టుకోవచ్చు.’ వేరే రిజర్వేషన్ పరిధిలో ఉన్నవాళ్లు పెట్టుకోలేరు.

‘అఖిల భారత కోటాను కోర్టే పుట్టించింది కాబట్టి అందులో రిజర్వేషన్‌కు కోర్టు అనుమతి కావాలి.’ అక్కర్లేదని 2022 జనవరిలోనే చెప్పేశారు.

‘తెలుగువాళ్లకు ఆ కోటాతో పనిలేదు.’ రాజ్యాంగంలోని 371డి అధికరణం పేరుతో దూరంగా ఉన్న రోజుల మాట అది, ఎప్పుడో చేరిపోయాం.

ఒక్కదాని దగ్గర మాత్రం నా నోరు కాస్త తగ్గుతుంది: ‘డబ్బున్నవాళ్లే ఈ సర్టిఫికెట్లు తెచ్చుకుంటున్నారు.’ దీన్ని అపోహ అని కొట్టిపారెయ్యలేను. జీతగాడి ఆదాయం పే స్లిప్పులో అణాపైసలతో బయటపడుతుంది. వ్యాపారి ఆదాయం ఎంతంటే, ఆయన చెప్పినంత. ఈడబ్ల్యూఎస్ కింద పరీక్ష రాసి, తర్వాత ఏడాదికి లక్షల ఫీజుండే మేనేజ్‌మెంట్ సీట్లో చేరినవాళ్ల గురించి పత్రికలు రాశాయి. అది కోటా సీటు కాదు, నిజమే. కానీ ఆ ఫీజు కట్టగలిగిన ఇంటికి ఆ కాగితం ఎలా వచ్చిందని అడగాల్సిందే. అయితే దానికి మందు తనిఖీ. దొంగ రేషన్ కార్డులున్నాయని ఎవరూ బియ్యం మానెయ్యమనరు కదా!

ఇక చెయ్యాల్సింది. ఏప్రిల్ 1 దాటగానే, ముగిసిన ఆర్థిక సంవత్సరం ఆదాయంతో కొత్త సర్టిఫికెట్ తీసుకోండి. పాతది బీరువాలో ఉంది కదా అనుకోవద్దు. అఖిల భారత కోటాకు కేంద్రం నమూనాలోనే ఉండాలి, తాసిల్దారుకు తగ్గని అధికారి సంతకం ఉండాలి. రాష్ట్ర కోటాకు ఏ కాగితం కావాలో విజయవాడ, వరంగల్ ఆరోగ్య విశ్వవిద్యాలయాల ప్రకటనల్లో విడిగా చూసుకోండి. ఇంటి కొలతల నిబంధన తీసెయ్యమని కమిటీ చెప్పింది నిజమే, కానీ సిఫార్సు వేరు, ఉత్తర్వు వేరు. చేతిలో ఉన్న ఫారంలో ఏమడిగారో దానికే జవాబివ్వండి. అర్హత లేకపోతే ఆ గడి జోలికి వెళ్లొద్దు. అబద్ధపు పత్రం సీటు వచ్చాక కూడా వెంటాడుతుంది.

కోర్టు వార్త వస్తే మూడు సంగతులు వెతకండి: తేదీ, ఏ ఏడాది ప్రవేశాలు, చివరి పేరాలో కోర్టు ఏం చెయ్యమంది. మూడూ దొరక్కపోతే అది వార్త కాదు. పదకొండో మనిషికి పంపకండి, తాసిల్దారు ఆఫీసుకు వెళ్లిరండి.