వ్యాపార వెబ్‌సైటుకు ఏ వేదిక? – సూరత్ చీరల వర్తకులకు కొన్ని సూచనలు

సూరత్ నగరంలోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు అనేకం కలవు. మరమగ్గాల పనిపై వచ్చిన ఈ కుటుంబాలలో కొందరు నేడు రింగ్ రోడ్డు మార్కెట్లలో చీరలు టోకున కొని, స్వస్థలాలలోని వారికి వాట్సాప్ ద్వారా అమ్ముచున్నారు. అమ్మకాలు కొంత పెరిగిన పిదప వెబ్‌సైటు పెట్టవలెనన్న ఆలోచన కలుగుట సహజం. అయితే దానిని ఏ వేదికపై నిర్మించవలెనన్నది రుణం అడుగుటకు ముందే తేల్చుకొనవలసిన విషయం.

మీషో, ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ వంటివి పెద్ద సంతల వంటివి. కొనేవారు అక్కడ ముందే ఉందురు; కాని వారు సంతకు వచ్చినవారే గాని మన ఖాతాదారులు కారు. షాపిఫై వంటివి నెలసరి అద్దెకు లభించే సిద్ధమైన దుకాణాలు. అద్దె ఆగిన దుకాణం మూతపడును. వర్డ్‌ప్రెస్‌పై వూకామర్స్ జోడించి కట్టుకొనునది సొంత ఇల్లు వంటిది. ఆ సాఫ్ట్‌వేరు ఉచితమే అయినను, సర్వరు అద్దె, మరమ్మతులు, భద్రత మన బాధ్యతలే. ఇంటిలో కంప్యూటరు తెలిసిన యువకుడు లేనిచో ఈ మూడవ మార్గం జోలికి పోకుండుట మేలని నా అభిప్రాయం.

వేదిక ఏదైనను, వెబ్‌సైటు చిరునామా, అనగా డొమైన్ పేరు, వ్యాపారి పేరుననే నమోదు కావలెను. సైటు తయారుచేసిన వ్యక్తి తన పేరున, తన ఫోను నంబరుతో నమోదు చేసుకొన్నచో, అతనితో తగవు వచ్చిన నాడు దుకాణపు బోర్డు అతని చేతిలో ఉండును. ఇది ఊహాజనితమైన భయం కాదు. చిన్న వ్యాపారులు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ద్వారా ఉచితంగా నిర్మించుకొన్న వెబ్‌సైట్లను ఆ సంస్థ 2024 మార్చిలో నిలిపివేసినది. సొంత డొమైన్ ఉన్నవారు దానిని వేరొక వేదికకు మళ్లించుకొనగలిగిరి. ఉచిత చిరునామానే సంచులపైన, బిల్లులపైన అచ్చు వేయించుకొన్నవారికి ఆ చిరునామా పనికిరాకుండా పోయినది. కావున ‘డాట్ ఇన్’ పేరును ఏటేటా స్వయముగా పునరుద్ధరించుకొనుచు, చీరల ఫోటోలను, కొనుగోలుదారుల జాబితాను వేరుగా భద్రపరచుకొనవలెను.

ఇక ఖర్చు విషయం. వేదిక అద్దెను అందరూ లెక్కించెదరు గాని, తిరిగి వచ్చే పార్సిళ్లను లెక్కించరు. ఒక చీరపై పంపుడు ఖర్చులు పోను 80 రూపాయలు మిగులుననుకొందము. సరుకు అందిన తరువాత డబ్బు చెల్లించు పద్ధతిలో పంపిన చీర తిరిగి వచ్చినచో, పోవుటకు 60, వచ్చుటకు 60, వెరసి 120 రూపాయలు నష్టం. అనగా చీరన్నర లాభం పోయినట్లే. సొంత సైటులో ఈ భారమంతయు వ్యాపారిదే. ముందుగా యు.పి.ఐ. ద్వారా చెల్లించువారికి కొద్దిపాటి తగ్గింపు ఇచ్చుట ఇందుకు మంచి ఉపాయం. సంతలలో ఈ నియమాలు ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క విధంగా ఉండును. చేరుటకు ముందు రిటర్న్ ఛార్జీల పట్టికను శ్రద్ధగా చదువుకొనవలెను.

సూరత్ నుండి కరీంనగర్‌కు మరమగ్గపు చీర అమ్ముట అంతర్రాష్ట్ర విక్రయం. అమ్మకాలు ఎంత స్వల్పమైనను దీనికి జి.ఎస్.టి. నమోదు అవసరం. కాంపోజిషన్ పథకంలో ఉన్న వ్యాపారి ఇతర రాష్ట్రాలకు సరుకు అమ్మరాదు. ఈ సంగతి తెలియక సైటు కట్టుకొని, తరువాత చిక్కులలో పడరాదు.

2015లో ప్రారంభమైన ముద్ర యోజన క్రింద శిశు విభాగంలో 50,000 రూపాయల వరకు, కిశోర్ విభాగంలో 5 లక్షల వరకు రుణం లభించును. అందులో అధిక భాగం వెబ్‌సైటు హంగులకు పోయి, సరుకుకు పెట్టుబడి చాలకపోవుట వాంఛనీయం కాదు. మొదటి ఆరు మాసాలు సంతలోనో, వాట్సాప్ కేటలాగులోనో అమ్మి, ఏ రకం చీర నిలుచునో, ఎన్ని తిరిగి వచ్చుచున్నవో పుస్తకంలో వ్రాసుకొనవలెను. వసూళ్లు వ్యక్తిగత ఖాతాలో గాక వ్యాపార ఖాతాలోనే జమ కావలెను. రుణపరిమితి పెంచమని దరఖాస్తు వచ్చినపుడు క్షేత్రాధికారి మొదట చూచునది ఆ జమలనే గాని, సైటులోని రంగుల బొమ్మలను కాదు. డొమైన్ పేరును మాత్రం మొదటి నాడే తీసుకొనవచ్చును.