జనవరి నెలలో మందుల ధర

జనవరి వచ్చిందంటే మా మందుల షాపులో గొంతులు పెరుగుతాయి. డిసెంబరులో నలభై డాలర్లకు తీసుకెళ్లిన మాత్రలకు ఇప్పుడు ఐదు వందల పైచిలుకు కట్టాలని ఎదుటి మనిషికి చెప్పాల్సింది నేనే. అదే డబ్బా, అదే మోతాదు, రాసిన డాక్టరూ ఆయనే. "పొరపాటేమో, ఇంకోసారి చూడండి" అంటారు. చూస్తాను. కంప్యూటరు మళ్లీ అదే అంకె చూపిస్తుంది.

వరంగల్‌లో, కాకతీయ యూనివర్సిటీలో బీఫార్మసీ చదివాను. పెళ్లయ్యాక టెక్సస్ వచ్చి, ఇక్కడి పరీక్షలు రాసి లైసెన్సు తెచ్చుకున్నాను. అప్పటి నుంచీ డాలస్ శివార్లలో ఫార్మసిస్టుగానే నా ఉద్యోగం. ఊరికి ఫోన్ చేసినప్పుడల్లా "మీకేమ్మా, అక్కడ అందరికీ ఇన్సూరెన్సే కదా" అంటారు మా పెద్దవాళ్లు. మొదటి సంగతి, అందరికీ లేదు. సుమారు రెండు కోట్ల డెబ్బై లక్షల మందికి ఏ ఇన్సూరెన్సూ లేదు. రెండో సంగతి, ఉన్నవాళ్లకు కూడా కార్డు జేబులో ఉన్నంత మాత్రాన మందు చేతికి రాదు. నేను చెప్పదలచుకున్నది ఎక్కువగా ఈ రెండోదాని గురించే, ఎందుకంటే బయటివాళ్లకు అది కనబడదు.

స్కూలు బస్సు నడిపే ఒకాయన ఉన్నారు. అరవై దగ్గర పడింది. గుండె లయ తప్పుతుంది. రక్తం గడ్డకట్టకుండా రోజుకు రెండు మాత్రలు వేసుకోవాలి, ఆపితే పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. ఆయన ఇన్సూరెన్సుకు ప్రతి నెలా జీతంలోంచి ప్రీమియం కోసుకుంటారు. కానీ ఆ పాలసీకి మూడు వేల డాలర్ల డిడక్టిబుల్ ఉంది. అంటే ఏడాదిలో మొదటి మూడు వేల డాలర్ల ఖర్చు ఆయన జేబులోంచే పోవాలి. ఆ తర్వాతే కంపెనీ తన వాటా కట్టడం మొదలుపెడుతుంది. అప్పుడు ఆయన కట్టాల్సింది కోపే అనే చిన్న మొత్తం మాత్రమే. సంవత్సరం మారగానే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. డిసెంబరు నలభై డాలర్లు, జనవరి ఐదు వందలు కావడానికి కారణం ఇదే. ఆయన ఓసారి "సగం నెలకే ఇవ్వండి, జీతం వచ్చాక మిగతావి తీసుకుంటాను" అన్నారు. ఇచ్చాను. మిగతావి తీసుకోవడానికి ఎప్పుడొస్తారా అని ఆ వారమంతా వాకిలి వైపు చూస్తూనే ఉన్నాను.

డిడక్టిబుల్ దాటినా పని అయిపోదు. ప్రతి ఇన్సూరెన్సుకూ తన మందుల జాబితా ఉంటుంది, అది ఏటా మారుతుంది. జాబితాలో లేని మందు డాక్టరు రాస్తే క్లెయిమ్ వెనక్కి వస్తుంది. కొన్నిటికి ప్రయర్ ఆథరైజేషన్ కావాలి, అంటే ఈ మందే ఎందుకు అవసరమో డాక్టరు ఆఫీసు నుంచి ఇన్సూరెన్సు కంపెనీకి రాసి అనుమతి తెచ్చుకోవాలి. కొన్నిటికి ముందు చవక మందు వాడి, అది పని చేయలేదని చూపించాలి. ఆమధ్య ఓ జనవరిలో పిల్లల ఆస్తమాకు బాగా వాడే ఒక ఇన్‌హేలర్‌ను తయారీదారు ఆపేశాడు. అదే మందు వేరే పేరుతో వచ్చింది గానీ చాలా ఇన్సూరెన్సులు దాన్ని జాబితాలో పెట్టలేదు. చలికాలం, దగ్గుతున్న పిల్లలు, కౌంటరు ముందు తల్లులు, డాక్టరు ఆఫీసులో ఎత్తని ఫోన్లు. నేను చదువుకున్నది మందులు ఇవ్వడానికి. రోజులో సగం ఇన్సూరెన్సుల ఫోన్ లైన్లలోనే గడిచిపోతుంది.

ఇదంతా ఉద్యోగానికి ఎందుకు ముడిపడిందో తెలిస్తే సగం అర్థమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, ధరలు పెరగకుండా అమెరికా ప్రభుత్వం జీతాలకు కళ్లెం వేసింది. పనివాళ్లు దొరకడం కష్టమైన రోజులవి. జీతం పెంచే వీల్లేక కంపెనీలు ఆరోగ్య బీమా ఇస్తామని మనుషులను పిలుచుకున్నాయి. 1954లో పన్ను చట్టం ఆ బీమా సొమ్ముకు ఆదాయపు పన్ను లేదని ఖాయం చేసింది. యుద్ధం కోసం వేసిన తాత్కాలిక ముడి అలాగే బిగుసుకుపోయింది. ఈ రోజుకీ సగానికి పైగా అమెరికన్లకు ఇన్సూరెన్సు వచ్చేది ఉద్యోగం ద్వారానే. 2024లో కంపెనీల ద్వారా తీసుకునే కుటుంబ పాలసీకి ఏడాది ప్రీమియం సగటున 25,572 డాలర్లు, అందులో ఉద్యోగి వాటా 6,296. మిగతాది కంపెనీ కడుతుందంటారు. అదీ ఉద్యోగికి జీతంగా రావలసిన సొమ్మేనని నా అభిప్రాయం.

మన పిల్లలకు ఈ ముడి గట్టిగా తగులుతుంది. హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న అబ్బాయి ఉద్యోగం పోతే, ఇంకో ఉద్యోగమో వేరే వీసానో చూసుకోవడానికి సాధారణంగా అరవై రోజులు గడువు. అదే సమయంలో ఇన్సూరెన్సు కూడా పోతుంది. కోబ్రా అనే చట్టం కింద పాత పాలసీనే కొనసాగించుకోవచ్చు గానీ, కంపెనీ వాటాతో సహా మొత్తం ప్రీమియం, దానిపైన రెండు శాతం వరకూ తనే కట్టుకోవాలి. జీతం ఆగిపోయిన నెలలో రెండు వేల డాలర్లు! కడుపుతో ఉన్న ఒక తెలుగమ్మాయి, భర్త ఉద్యోగం పోయిన వారంలోనే, "అక్కా, ఈ విటమిన్లకు, థైరాయిడ్ మాత్రలకు ఇన్సూరెన్సు లేకుండా ఎంతవుతుంది?" అని అడిగింది. ఆ మాత్రలు చవకే, అది నయం. కాన్పు ఖర్చు ఎంతవుతుందో ఆ అమ్మాయి నన్ను అడగలేదు.

ముసలివాళ్లకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ అన్న రెండు ప్రభుత్వ పథకాలు 1965లో వచ్చాయి. ఆ బిల్లు మీద అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేశారు. ఆయన మా టెక్సస్ మనిషే. మెడికేర్ గురించి ఒక సంగతి ఇక్కడి వాళ్లకే చాలామందికి తెలియదు. అప్పటిదాకా దక్షిణాది రాష్ట్రాల్లో ఎన్నో ఆసుపత్రులు నల్లజాతివారిని చేర్చుకునేవి కావు, చేర్చుకున్నా వేరే వార్డులో పడేసేవి. ఆ వివక్ష మానితేనే మెడికేర్ డబ్బు ఇస్తామని ప్రభుత్వం తేల్చి చెప్పింది. కోర్టులూ ఊరేగింపులూ ఏళ్ల తరబడి సాధించలేని మార్పు 1966లో కొద్ది నెలల్లో జరిగిపోయింది. ప్రభుత్వం నిజంగా పట్టుబడితే ఏమవుతుందో దీన్నిబట్టే నాకు తెలుస్తుంది.

మెడికెయిడ్ కథ వేరు. దాన్ని కేంద్రం రాష్ట్రాలతో కలిసి నడపాలి, అర్హత గీత ఎక్కడ గీయాలో చాలావరకు రాష్ట్రం చేతిలో ఉంటుంది. 2010లో ఒబామా తెచ్చిన చట్టం ఆ గీతను దేశమంతటా పైకి జరిపి, పేద పెద్దలందరినీ లోపలికి తేవాలనుకుంది. 2012లో సుప్రీంకోర్టు, రాష్ట్రాలను బలవంతపెట్టకూడదంది. ఖర్చులో తొంభై శాతం కేంద్రమే భరిస్తానన్నా పది రాష్ట్రాలు ఇప్పటికీ ఒప్పుకోలేదు. వాటిలో పెద్దది టెక్సస్. దేశంలో ఇన్సూరెన్సు లేనివాళ్ల శాతం ఎక్కువగా ఉన్నదీ ఇక్కడే, ప్రతి ఆరుగురిలో ఒకరికి లేదు.

ఇక్కడ గీత ఎంత కిందికి ఉందంటే, ఇద్దరు పిల్లల ఒంటరి తల్లి నెలకు నాలుగు వందల డాలర్లు సంపాదించినా మెడికెయిడ్‌కు ఆమె ఆదాయం ఎక్కువైపోతుంది. పిల్లలకు వస్తుంది, తల్లికి రాదు. పిల్లలు లేని పెద్దవాళ్లయితే, వైకల్యమో గర్భమో ముసలితనమో ఉంటే తప్ప, ఎంత పేదవాళ్లయినా దారి మూసుకుపోయినట్టే. పోనీ సొంతంగా పాలసీ కొనుక్కుందామా అంటే, ప్రభుత్వ సబ్సిడీ దారిద్ర్యరేఖ దగ్గర మొదలవుతుంది. 2025 లెక్కల్లో ఒంటరి మనిషికి ఆ రేఖ ఏడాదికి 15,650 డాలర్లు. పదహారు వేలు సంపాదించేవారికి సబ్సిడీ ఉంటుంది, పధ్నాలుగు వేలు సంపాదించేవారికి ఉండదు. పేదరికం మరీ ఎక్కువైందని సాయం నిరాకరించే లెక్క ఇది. చట్టం రాసినవాళ్లు ఆ కిందివాళ్లంతా మెడికెయిడ్‌లోకి వస్తారనుకున్నారు. టెక్సస్ రానివ్వలేదు.

ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి స్నానాలు చేయించే ఒకావిడ మెడికెయిడ్‌కూ సబ్సిడీకీ మధ్య ఉన్న ఈ సందులోనే ఉంది. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. పక్కవాళ్ల ఒళ్లు కడిగి, మందులు మింగించి వచ్చే ఆమెకు తన మందుల విషయంలో దిక్కు లేదు. ఒకరోజు చక్కెర విపరీతంగా పెరిగి ఎమర్జెన్సీలో చేరింది. 1986 నాటి చట్టం ప్రకారం, డబ్బు ఉన్నా లేకున్నా ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లను పరీక్షించి, ప్రాణాపాయం తప్పే దాకా చూడాల్సిందే. చూశారు. చట్టం పని అక్కడితో అయిపోయింది. మర్నాడు ఇంటికి పంపి ఇన్సులిన్‌కు చీటీ రాసిచ్చారు. బిల్లు తపాలాలో తర్వాత వస్తుంది. ఆ చీటీ నా దగ్గరికొచ్చింది.

ఇన్సులిన్ ధర గురించి మాట్లాడితే నాకు ఇప్పటికీ గొంతు బిగుస్తుంది. 1921లో టొరంటోలో దాన్ని కనిపెట్టినవాళ్లు పేటెంటును తలా ఒక డాలరుకు యూనివర్సిటీకి ఇచ్చేశారు, అందరికీ అందాలని. 1996లో ఇరవై ఒక్క డాలర్లకు బజారులోకి వచ్చిన ఒక కొత్తరకం ఇన్సులిన్ సీసా, ఇరవై ఏళ్లు దాటేసరికి 275 డాలర్ల దాకా పాకింది. యేల్ యూనివర్సిటీ డయాబెటిస్ సెంటర్‌లో అడిగితే, ఇన్సులిన్ వాడేవారిలో నలుగురిలో ఒకరు ఖర్చుకు భయపడి తక్కువ వాడుతున్నామన్నారు. 2022 చట్టం మెడికేర్ ఉన్నవాళ్లకు నెలకు 35 డాలర్ల పరిమితి పెట్టింది. 2023లో కంపెనీలు కొన్ని రకాల ధరలు బాగా తగ్గిస్తామని ప్రకటించాయి. జనం కోపంతో అడగడమూ దానికి ఒక కారణమని నా నమ్మకం. ఆవిడకు తక్కువ ధర రకం ఒకటి వెతికి, కంపెనీ ఇచ్చే రాయితీ కార్డు పెట్టి, 35 డాలర్లకు తెచ్చాం. దానికి దాదాపు గంట పట్టింది. ఆ గంట ఇవ్వడానికి తీరికలేని షాపుకు ఆమె వెళ్లి ఉంటే?

ఇంకొకటి చెప్పాలి. కొన్ని మందులకు ఇన్సూరెన్సు కోపే కన్నా నగదు ధరే తక్కువ. 2018 దాకా ఆ సంగతి రోగికి చెప్పకూడదని ఫార్మసీలను కట్టడి చేసే ఒప్పందాలుండేవి. ఆ ఏడు అక్టోబరులో చట్టం వాటిని రద్దు చేసింది. ఇప్పుడు మేం చెప్పవచ్చు. చాలామంది అడగరు, అందుకే నేనే ముందు చెప్తాను. మీ పిల్లలకూ చెప్పండి: కౌంటరు దగ్గర "నగదుకైతే ఎంత?" అని అడగడం నామోషీ కాదు.

విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నల సంగతీ అంతే ముఖ్యం. బయల్దేరే ముందు కొనే విజిటర్ పాలసీలు చాలావరకు అంతకుముందే ఉన్న జబ్బులను చూడవు. ఎన్నాళ్లకు సరిపడా తేవచ్చో ముందే కనుక్కొని మాత్రలు, డాక్టరు రాసిన చీటీ, బ్రాండు పేరుతో పాటు మందు అసలు పేరు తెచ్చుకోండి. "ఏమ్మా, నా బీపీ మాత్ర పేరిది, ఇక్కడ దొరకదా?" అని ఓ పెద్దాయన ఖాళీ అట్ట చూపించారు. మందు ఉంది, ఇక్కడి డాక్టరు చీటీ లేకుండా నేను ఇవ్వలేను. ఆ చీటీ కోసం డాక్టరును చూడటానికే రెండు వందల డాలర్లు అడిగారట.

నాకు ఆశ పుట్టించే కథ మిసిసిప్పిది. 1960లలో జాక్ గైగర్ అనే డాక్టరు మౌండ్ బాయూ అనే ఊళ్లో పేదల కోసం ఆరోగ్య కేంద్రం పెట్టాడు. ఆకలితో ఎండిపోయిన పిల్లలకు చీటీ మీద మందుకు బదులు తిండి రాశాడు, ఖర్చు ఫార్మసీ పద్దులో వేశాడు. అలాంటి కేంద్రాలు ఇప్పుడు దేశమంతటా ఉన్నాయి, ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటాయి. ఆ ఇన్సులిన్ ఆవిడను మా దగ్గరలోని అలాంటి చోటికే పంపాను. ఇప్పుడు నెలనెలా అక్కడే చూపించుకుంటోంది.

మెయిన్, మిజోరీ, ఓక్లహోమా, సౌత్ డకోటాల్లో నాయకులు కాదన్న మెడికెయిడ్ విస్తరణను ప్రజలే సంతకాలు సేకరించి, ఓటుకు పెట్టి తెచ్చుకున్నారు. ఓక్లహోమా మాకు పక్క రాష్ట్రం, కారులో రెండు గంటలు కూడా పట్టదు. టెక్సస్‌లో ప్రజలు అలా ఓటుకు పెట్టే వీల్లేదు, శాసనసభే చేయాలి. అది మామూలుగా రెండేళ్లకోసారి సమావేశమవుతుంది. మా నియోజకవర్గ ప్రతినిధికి నేను ఉత్తరం రాశాను. అందులో ఒక్కటే అడిగాను: ఓక్లహోమాలో ఉండి ఉంటే ఆ ఇన్సులిన్ ఆవిడకు ఇన్సూరెన్సు దొరికేది, సరిహద్దుకు ఇవతల ఉన్నందుకు ఎందుకు దొరకకూడదో చెప్పండి అని. జవాబు వచ్చింది, అభిప్రాయానికి ధన్యవాదాలట. ఇంకోటి రాస్తున్నాను. ఈసారి మా షాపుకొచ్చే వాళ్ల సంతకాలు కూడా పెట్టించి పంపుతాను.