పాత గ్రామఫోను ప్లేట్లు – వాటి తరగతులు

వీరపునాయునిపల్లె వంటి గ్రామంలోనైనా, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి పట్టణాలలోనైనా, అటక మీది ట్రంకుపెట్టెలో పాత గ్రామఫోను ప్లేట్లు కనబడితే ఆశ్చర్యం లేదు. పౌరాణిక నాటక పద్యాలు, హరికథలు, ఘంటసాల గానం చేసిన పుష్పవిలాపం – ఇట్టివి వాటిలో ఉండవచ్చును. "ఇవి ఎందుకైనా పనికివస్తాయా?" అని ఇంటివారు సందేహిస్తారు. ఆ సందేహం తీర్చుకొనడానికి ఉపకరించే పద్ధతి ఒకటి ఉన్నది. దానిని శ్రోతలకు మనవి చేస్తాము.

ప్లేట్లు సేకరించేవారిలో అమ్మేవారొక ఊర, కొనేవారొక ఊర ఉంటారు. వస్తువును చూడకుండానే బేరం కుదరాలి. అప్పుడు "బాగున్నది" అన్న మాట చాలదు. ప్రొద్దుటూరు వర్తకుడు బంగారాన్ని గీటురాతిపై గీసి వన్నె చెప్పినట్లు, ఇద్దరూ ఒప్పుకొన్న కొలత కావాలి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లకు ఆంగ్లాక్షరాలతో ఆరు తరగతులు ఏర్పడినవి.

'ఎన్' అంటే కొత్తది. 'ఇ' అంటే మెరుపు తగ్గనిది. కంటికి ఒకటి రెండు గీతలు కనబడినా చెవికి వినబడవు. 'వి' అంతటా సమానంగా అరిగినది. గరగర వినబడినా పాటకు అడ్డురాదు. 'జి' బాగా అరిగి బూడిదవన్నె తేలినది. 'ఎఫ్'లో రొద అధికం, అయినా పాటను పోల్చుకొనవచ్చును. 'పి' అంతకన్న హీనం. మధ్య స్థితులకు ప్లస్, మైనస్ గుర్తులు చేరుస్తారు. 'జి' అంటే ఇంగ్లీషులో 'గుడ్' కదా అని భ్రమపడరాదు. అది నాలుగవ మెట్టు!

ఈ ప్లేట్లు లక్కలో రాతిపొడి కలిపి చేసినవి. ఆ పొడి ఉక్కుముల్లును అరగదీస్తుంది. మొండిదైన ముల్లు తిరిగి ప్లేటు గాడిని కోస్తుంది. అందుకే ప్రతి పాటకూ ముల్లు మార్చవలెనన్న నియమం ఉండేది. ఒకే ముల్లుతో పది పాటలు విన్న ఇంటి ప్లేట్లు బూడిదవన్నె తేలడం సహజం.

పరీక్షించేటప్పుడు ప్లేటును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడాలి. సన్నని బీటకు ముల్లు తగిలితే చుట్టుకొకసారి 'టిక్కు' మంటుంది. అనగా నిమిషానికి 78 సార్లు! బీటలు, అంచు పెచ్చులు, చిరిగిన లేబులు – వీటిని తరగతితోబాటు విడిగా చెప్పాలి. మెరిసే ప్లేటు గరగరలాడవచ్చు, మాసినది చక్కగా పలుకవచ్చు. కనుక కంటితో నిర్ణయించినామో, చెవితో నిర్ణయించినామో చెప్పడం న్యాయం. ప్లేటును స్పిరిటుతో మాత్రం తుడువరాదు, లక్క కరిగిపోతుంది.

ఇట్టి పద్ధతి నేడు వీడియో ఆటలకూ ప్రాకినది. 2021 జులైలో అమెరికాలో 1996 నాటి 'సూపర్ మారియో 64' ఆట, విప్పని పెట్టె, పదికి 9.8 మార్కులు పొంది వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లు పలికింది. పెట్టె విప్పి ఆడితే ఆ విలువ నిలువదు. ప్లేటు సంగతి వేరు. విననిదే దాని మంచిచెడ్డలు పూర్తిగా తేలవు.

మరొక ముఖ్యవిషయం. తరగతి ప్లేటు స్థితిని చెబుతుందే కాని, అందులోని గానం ఎంత అరుదైనదో చెప్పదు. 1885లో కీచకవధ ప్రదర్శనతో సురభి నాటక సమాజానికి పుట్టినిల్లయిన జిల్లా మనది. ఆనాటి రంగస్థల గాయకులలో కొందరి కంఠాలు మనకు వినబడేది ఇట్టి ప్లేట్ల మీదనే. మిగిలిన ప్రతి ఒక్కటే అయినప్పుడు 'ఎఫ్' తరగతిదైనా అమూల్యమే. కాబట్టి పాతసామానుల వానికి తూకానికి వేయకముందు ప్రతి లేబులు మీది పేరూ చదవండి. పిదప ప్లేట్లను ఎండ సోకని చోట నిలువుగా నిలిపి భద్రపరచండి.